వర్జ్యం అయ్యేదాకా ఆగిన బ్రౌజర్

ముప్పై రెండేళ్లకి ఉద్యోగ విరమణ గురించి రాస్తానంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆయన కూడా నవ్వారు. కానీ తొమ్మిదేళ్లు చేసిన పని మానేసి ఏడాది దాటింది. మళ్లీ ఆ పనిలోకి వెళ్లే ఉద్దేశం లేదు. కాబట్టి నా మటుకు నాకు ఇది విరమణే.

నేను చదివిన కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య ఇదే పనిలో చేరుతున్నారు. "అక్కా, అసలు పని ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఫోన్లో ఏదో చెప్పి పెట్టేశాను. పెట్టేశాక, చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకే పాప పడుకున్నాక రోజుకి కాస్త చొప్పున ఇది రాస్తున్నాను. ఏ కోర్సు చెయ్యాలి, జీతం ఎప్పుడు పెరుగుతుంది, ఇవన్నీ చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను చెప్పేది భయం గురించి. ఈ పనిలో భయం లేనివాళ్లని చూస్తే నాకు భయం. నేనూ కొన్నాళ్లు అలాగే ఉన్నాను.

పని ఏమిటంటే

భీమవరంలో రొయ్యల చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు అమ్మే షాపు పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. మొత్తం పన్నెండు మందిమి. ఓనరు వర్మ గారు. ఆయనకి చెరువులు కూడా ఉన్నాయి. పొద్దున్నే చెరువు చూసుకుని, మడిచిన ప్యాంటు కిందికి దించుకుంటూ ఆఫీసు మెట్లెక్కేవారు.

మేం తయారుచేసింది ప్రధానంగా ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, మనిషికి బదులు బ్రౌజర్‌ని నడిపే కోడ్. సైటు తెరుస్తుంది, పేరు టైపు చేస్తుంది, టిక్కులు పెడుతుంది, బటన్ నొక్కుతుంది. ఊళ్లలో జిరాక్సులు తీస్తూ ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే నెట్ సెంటర్లకి ఆ లైబ్రరీతో కట్టిన ప్రోగ్రామ్ ఇచ్చేవాళ్లం.

మాకు ఊపిరాడని రోజులు కాలేజీ కౌన్సెలింగ్ రోజులు. వెబ్ ఆప్షన్ల సంగతి మీకు తెలుసు. కావలసిన కాలేజీలు ఒకటి, రెండు, మూడు అని వరసగా పెట్టి సేవ్ చెయ్యాలి. సేవ్ చేసినవి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫ్రీజ్ నొక్కాక మనంతట మనం మార్చడానికి లేదు. వరసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, మార్కులకి ఏది ముందు అందితే ఆ సీటు ఇస్తారు. అంటే ఆ వరసే ఆ పిల్లల తర్వాతి నాలుగేళ్లు. మా ప్రోగ్రామ్ ఆ వరసని నింపేది. ఫ్రీజ్ కూడా అదే నొక్కేది.

ఆ లైబ్రరీ మొదట రాసింది సత్తిబాబు గారు. నాకు పని నేర్పింది ఆయనే. పాలకొల్లు నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చేవారు. మా పనిలోకి రాకముందు ఆయనే ఒక నెట్ సెంటర్ నడిపారు. "కోడ్ తర్వాత చూద్దువుగానీ, ముందు కౌంటర్ చూడమ్మా" అని నన్ను నెలకోసారి ఏదో ఒక సెంటర్‌కి పంపేవారు. నేను వెళ్లి అరగంట కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగి, అంతా బాగుందని రాసుకొచ్చేదాన్ని. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లని చూడాలని నాకు తట్టలేదు. తొమ్మిదేళ్లలో చేసిన తప్పులన్నిటికీ అదే మొదలు అని ఇప్పుడు అనిపిస్తుంది.

మూడు చోట్లు

సత్తిబాబు గారు మోకాళ్ల నొప్పులతో పని మానేసిన ఏడాది నాకు పాప పుట్టింది. ఐదు నెలల పాపని అత్తగారి దగ్గర వదిలి తిరిగి ఆఫీసుకి వచ్చాను. వచ్చిన వారానికే వర్మ గారు ఆ లైబ్రరీని నా చేతిలో పెట్టారు. పాతది ఒక్కచోటే నడుస్తుంది, అంటే తెర ఉన్న కౌంటర్ కంప్యూటర్ మీద, కళ్లముందు బ్రౌజర్ విండో తెరుచుకుని. ఆప్షన్ల రోజుల్లో పది విండోలు తెరిచేసరికి ఆ కంప్యూటర్లు బిగుసుకుపోయేవి. ఇకమీదట అదే లైబ్రరీ కౌంటర్ కంప్యూటర్ మీద, తెర లేని మా సర్వర్ మీద, ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆపరేటర్ల ఫోన్ మీద, మూడు చోట్లా నడవాలి.

నేను వెంటనే ఒప్పుకున్నాను. సెలవు నుంచి వచ్చిన ఆడమనిషి పనికిరాదనుకుంటారేమోనని నా భయం. ఇది నిజాయితీగా చెప్పాలి. ఆ తర్వాత నేను తొందరపడ్డ ప్రతిచోటా ఆ భయం ఉంది. భయాల్లో పనికొచ్చేవి ఉంటాయి, పనికిరానివి ఉంటాయి. ఇది రెండో రకం.

పని పద్ధతి చెప్పడానికి సులువు. ఏం చెయ్యాలో చెప్పే కోడ్‌ని ఒకవైపు, ఎక్కడ చెయ్యాలో చెప్పే కోడ్‌ని ఇంకోవైపు విడదియ్యాలి. "ఈ బటన్ నొక్కు" అన్న మాట ఒక్కటే ఉండాలి. దాన్ని కంప్యూటర్ ఒకలా, సర్వర్ ఒకలా, ఫోన్ ఒకలా అమలు చెయ్యాలి. నెలన్నరలో చేశాను. బాగానే చేశాను కూడా.

మొదటి దెబ్బ నవ్వు తెప్పించేది. సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదు. కౌంటర్ కంప్యూటర్లలో అది ఎప్పుడూ ఉండేది కాబట్టి ఎవరమూ అనుకోలేదు. సర్వర్ మీద తీసిన రసీదుల్లో పేర్లకి బదులు ఖాళీ గళ్లు వచ్చాయి. పెనుగొండ నుంచి ఒక ఆపరేటర్ ఫోన్ చేసి, "మేడమ్, మా ఊళ్లో అందరూ ఒకే పేరు పెట్టేసుకున్నారండి, డబ్బాలు" అన్నాడు. ఆఫీసంతా నవ్వాం. ఫాంట్ వేశాం. పాతచోట అడగకుండా దొరికినవి కొత్తచోట దొరకవని ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నాను, అంతే.

రెండో దెబ్బ వర్మ గారు కొట్టారు. నేను ప్రోగ్రామ్ నడిపి చూపిస్తుంటే, ఏమీ చెప్పకుండా వంగి నెట్ వైరు పీకేశారు. ఇరవై ఆప్షన్లలో ఏడు మాత్రమే సైట్లో సేవ్ అయ్యి ఉన్నాయి. "తెల్లారుజామున కరెంటు పోతే గంటలో రొయ్యంతా తేలిపోద్దమ్మా. జనరేటర్ ఉందని చెప్తే నేను నమ్మను. మెయిన్ ఆపి చూస్తాను" అని చెప్పి కిందికి వెళ్లిపోయారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచి పాఠం అది. ఇప్పటికీ అంటాను.

దానికి నేను చేసిన మందు ఇది. మళ్లీ సైటు తెరిచినప్పుడు, పేజీలో ఉన్న వరసని మా దగ్గరున్న జాబితాతో పోల్చి చూడాలి. తేడా ఉంటే పేజీలోది చెరిపేసి, జాబితా ప్రకారం మళ్లీ రాయాలి. వర్మ గారు ఐదుసార్లు వైరు పీకారు. ఐదుసార్లూ ఇరవై ఆప్షన్లూ సరిగ్గా వచ్చాయి. ఆ సాయంత్రం అందరికీ వేడి పకోడీలు తెప్పించారు.

నేను తీసేసిన ఫంక్షన్

పాత కోడ్‌లో వర్జ్యం అనే పేరుతో ఒక ఫంక్షన్ ఉండేది. ఆప్షన్లు నింపి సేవ్ చేశాక, ఫ్రీజ్ నొక్కకముందు అది వచ్చేది. విండో తెరిచే ఉంచి, సైటు మనల్ని బయటికి పంపెయ్యకుండా మధ్యమధ్యలో పేజీని కదుపుతూ, ఎవరో ఎంటర్ నొక్కేదాకా ఊరికే ఆగేది. ఎంతసేపైనా సరే.

కారణం మీరు ఊహించగలరు. మా వైపు పిల్లల సీటు విషయంలో పంచాంగం చూడకుండా ఫ్రీజ్ నొక్కించేవాళ్లు తక్కువ. మంచి పనేదీ మొదలుపెట్టకూడని వర్జ్యం, ఓ గంటన్నర, ఆ వేళకి అడ్డొస్తే, అంతా నింపి ఉంచుకుని అది దాటేదాకా కూర్చుంటారు. కొందరు చెయ్యి మంచిదని మేనత్తని తీసుకొచ్చి నొక్కిస్తారు.

తెర లేని సర్వర్ మీద విండో తెరిచి ఉంచడం అంటే అర్థం లేదు. పైగా ఆ పేరు చూసి నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్‌కి కూడా వర్జ్యం ఏంటని పక్కసీటు అమ్మాయికి చూపించాను. తీసేశాను. దాని బదులు కొత్త పద్ధతి పెట్టాను. సర్వర్ ఆప్షన్లు నింపి, సేవ్ చేసి, సైటు నుంచి బయటికి వచ్చేస్తుంది. ఆపరేటర్‌కి ఒక చిన్న పేజీలో విద్యార్థి పేరు, పక్కన ఫ్రీజ్ బటన్ కనిపిస్తాయి. వర్జ్యం దాటాక ఆపరేటర్ అది నొక్కితే, సర్వర్ మళ్లీ లాగిన్ అయ్యి, పేజీని జాబితాతో పోల్చి, ఫ్రీజ్ చేస్తుంది.

పరీక్షలన్నీ పాసయ్యాయి. అవ్వవా మరి? నా పరీక్షల్లో నింపడానికీ నొక్కడానికీ మధ్య ఎవరూ కూర్చోరు.

లాగ్‌లో ఒక లైను

ఆ ఏడాది కౌన్సెలింగ్ మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్న పాపకి పాలిస్తూ, రెండో చేత్తో ఫోన్లో ముందురోజు లాగ్ చూస్తున్నాను. లాగ్ అంటే ప్రోగ్రామ్ తను చేసిన ప్రతి పనీ రాసుకునే దినచర్య. ఎక్కడైనా నెమ్మదిగా నడిచిందేమో చూద్దామని, అంతకుమించి ఏమీ లేదు.

"పేజీలో వరస వేరుగా ఉంది. జాబితా ప్రకారం తిరిగి రాశాను. విజయవంతం." పక్కన ఆకుపచ్చ టిక్కు. ఆ లైను నేను రాసిందే, వైరు పీకినప్పటి కోసం. కానీ ఆ పూట ఎక్కడా నెట్ పోలేదు. మరి వరస ఎందుకు వేరుగా ఉంది?

అలాంటివి ఆ రోజు మూడు ఉన్నాయి. రెండింటిలో అట్టడుగు ఆప్షన్లు మాత్రం అటూఇటూ అయ్యాయి. మూడోది పావని అనే అమ్మాయిది. నరసాపురం సెంటర్. మా జాబితాలో మొదటిది విశాఖపట్నం కాలేజీ. పేజీలో, చెరపకముందు, మొదటిది భీమవరం.

ఆ సెంటర్ నడిపే నాగలక్ష్మి గారికి ఫోన్ చేశాను. నిన్న నెట్ ఏమైనా పోయిందా అని అడిగాను.

"ఆయ్, లేదండి. వర్జ్యం అని ఒంటిగంట దాకా ఆగాం. ఆ పిల్ల బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటా ఉంది. తర్వాత తనే వచ్చి, ఇక నొక్కండక్కా అంది. నొక్కేశాను."

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని, తన ఫోన్లో తన లాగిన్‌తో వెళ్లి, వరస మార్చుకుని సేవ్ చేసుకుంది. ఒంటిగంట దాటాక నా ప్రోగ్రామ్ వచ్చి, పాడైపోయిందనుకుని దాన్ని చెరిపేసి, పాతది పెట్టి, తాళం వేసేసింది.

సత్తిబాబు గారికి ఫోన్ చేశాను. వర్జ్యం ఫంక్షన్ ఎందుకు పెట్టారని అడిగాను.

"నాకు వర్జ్యాలూ గిర్జ్యాలూ పట్టింపు లేదమ్మా. జనం మనసు మార్చుకునేది ఆ గంటన్నరలోనే. అందుకని విండో తెరిచి వదిలేశాను. ఎంటర్ కొట్టేటప్పటికి తెర మీద ఏముంటే అదే వాళ్ల మాట. తీసేశావా ఏంటి?"

తీసేశానని, జరిగింది చెప్పాను. "ఫ్రీజ్ రద్దుకి ఇవాళ సాయంత్రం ఐదింటిదాకా టైముంటుంది. హెల్ప్‌లైన్ సెంటర్‌కి పిల్ల స్వయంగా వెళ్లి కాగితం ఇవ్వాలి. ముందు అది చూడు" అన్నారు.

వర్మ గారు చెరువు గట్టు మీద ఉన్నారు. ఫోన్లోనే అంతా చెప్పాను. ముందు ప్రోగ్రామ్ ఆపెయ్యమన్నారు. ఆపేశానన్నాను. తర్వాత, "సీటు వైజాగ్‌లో వస్తే మంచిదేగామ్మా. అక్కడ రావట్లేదనే గదా అందరూ ఏడ్చేది" అన్నారు.

"ఆ అమ్మాయి వద్దనుకుందండి."

"ఎవరికీ తెలీదుగా."

"నాకు తెలుసండి."

ఆయన చెడ్డ మనిషి కాదు. వైరు పీకి చూడకుండా నమ్మని మనిషి. కానీ మెయిన్ ఆపి చూసే ధైర్యం తన జనరేటర్ పాడైందని తెలిశాక ఉండదని ఆ రోజు అర్థమైంది. "వెళ్తే వెళ్లు. కంపెనీ పేరు మీద మాత్రం కాగితం రాసివ్వకు" అన్నారు.

నరసాపురంలో

అట్టడుగు ఆప్షన్లు మారిన ఇద్దరికీ ఫోన్ చేసి చెప్తే, అక్కడిదాకా రాదులెండి, ఉంచెయ్యండి అన్నారు. పావని అప్లికేషన్‌లో ఇచ్చిన నంబర్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. అత్తగారు తణుకులో బంధువుల ఇంటికి వెళ్లారు, మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పాపని చంకనేసుకుని రైలెక్కాను. వీరవాసరం, పాలకొల్లు, ప్రతి స్టేషన్లోనూ రైలు కావాలని ఆగుతున్నట్టు అనిపించింది. ఐదింటిలోపు ఆ అమ్మాయి దొరకకపోతే ఏమిటన్నది ఒక్కటే ఆలోచన.

నాగలక్ష్మి గారు సెంటర్‌కి తాళం వేసి, నన్ను పావని వాళ్ల ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల నాన్న వేరే రాష్ట్రంలో బోట్ల మీద పనిచేస్తారు, ఏడాదికోసారి వస్తారు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. తల్లి రత్నకుమారి గారు వాకిట్లో కూర్చుని లేసు అల్లుతున్నారు. చూపు సూది మీద లేదు, వీధి మీద ఉంది. వేళ్లే అల్లుకుంటూ పోతున్నాయి.

ఇక్కడ నా రెండో తప్పు. ఇది కోడ్‌లో జరిగింది కాదు. పావని లోపలి నుంచి రాగానే, గబగబా అంతా చెప్పేశాను. మీరు నిన్న ఫోన్లో మార్చుకున్న వరస మా ప్రోగ్రామ్ చెరిపేసిందండి, మీరు పెట్టుకున్న భీమవరం పోయి మళ్లీ వైజాగ్ మొదటికి వచ్చిందండి, మా తప్పండి.

పావని తల్లి వైపు చూసింది. రత్నకుమారి గారి వేళ్లు ఆగాయి.

"ఏం మార్చావే?" అన్నారు కూతురితో.

పావని తల్లికి చెప్పకుండా మార్చుకుందని నాకప్పుడు తెలిసింది. ఎవరితోనూ చెప్పనిది నేను వాకిట్లో నిలబడి చెప్పేశాను.

తల్లి విషయం నెమ్మదిగా రాబట్టుకున్నారు. నాలుగు నెలలుగా అనుకున్నది వైజాగ్. మార్కులు వచ్చాయి, హాస్టల్ కనుక్కున్నారు. కూతురు ఒప్పుకుంది కూడా. అంతా విన్నాక ఆవిడ నావైపు తిరిగి నవ్వారు. కోపంలో వచ్చే నవ్వు.

"అయితే ఈ ఇంట్లో నా మాట విన్నది మీ మెషీను ఒక్కటేనన్నమాట. ఉంచెయ్యండమ్మా అలాగే. మీ తప్పేం లేదు, వెళ్లండి."

"అమ్మా, సాయంత్రమైతే నీకు గుమ్మం కనపడట్లేదు" అంది పావని.

"నాకు కనపడకపోతే నువ్వు చదువు మానెయ్యాలా?"

"మానట్లేదుగా. పొద్దున్న రైలుకి వెళ్లి సాయంత్రం వచ్చేస్తాను."

"నా కళ్లకి నిన్ను కాపలా పెట్టుకోడానికా కన్నాను?"

షుగర్ వల్ల ఆవిడ చూపు ఏడాదిగా తగ్గుతోందని నాగలక్ష్మి గారు నా చెవిలో చెప్పారు. గోడ గడియారం మూడు దాటింది. ఆ ముగ్గురూ నావైపే చూస్తున్నారు, నేనేదో తీర్పు చెప్పాలన్నట్టు.

మీకు నిజం చెబుతాను. నా మనసు తల్లి వైపే ఉంది. చంకలో ఆడపిల్లని పెట్టుకుని ఇంకెటు ఉంటుంది? వెళ్లు పిల్లా, వెళ్లి చదువుకో అని చెప్పాలనిపించింది. ఏమీ చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోతే చాలు, ఆ పిల్ల వైజాగ్ వెళుతుంది, బహుశా బాగుపడుతుంది. వర్మ గారూ అదే అన్నారు. అప్పుడే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. తప్పు చేసిన ప్రోగ్రామ్‌కి నేను మంచి కారణం వెతుకుతున్నాను.

"మీరిద్దరూ ఏమనుకుంటారో మీ ఇష్టమండి. కానీ ఆ లాగిన్ పావనిది. నిన్న ఒంటిగంటకి ముందు తను పెట్టుకున్నది పెట్టుకున్నట్టు తన ముందు ఉంచడం వరకే నా పని. ఆ తర్వాత తను ఏం చేసినా సరే" అన్నాను.

రత్నకుమారి గారు లేసు మడిచి పక్కన పెట్టారు. "అదీ ఇదీ ఒకటే" అన్నారు. కానీ లేచి చెప్పులు వేసుకున్నారు.

కాగితం మీద సంతకం

హెల్ప్‌లైన్ సెంటర్ ఆటోలో ముప్పావుగంట దూరం. మేం వెళ్లేసరికి నాలుగుంబావు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. రద్దుకి కారణం రాసివ్వాలన్నారు. పిల్ల మనసు మార్చుకుంది అంటే కుదరదు, తన ప్రమేయం లేకుండా వరస మారిందని తేలాలి, ఎలా మారిందో ఎవరైనా బాధ్యత తీసుకుని రాయాలి.

పావని నావైపు చూసింది. "ఏమని రాయమంటారండి?"

వర్మ గారి మాట గుర్తుంది. పాపని ఎవరికివ్వాలో తెలియక చూస్తుంటే రత్నకుమారి గారు చేతులు చాచారు. పాపని ఎత్తుకుని, "ఇది పెద్దయ్యాక మీ మాట వింటుందనుకుంటున్నారేమో, చూద్దాం" అన్నారు. తిట్టో దీవెనో నాకు తెలియలేదు.

కాగితం తీసుకుని నేనే రాశాను. ఈ అభ్యర్థిని సేవ్ చేసుకున్న వరసని నేను రాసిన ప్రోగ్రామ్ ఆమెకి తెలియకుండా మార్చి ఫ్రీజ్ చేసింది, తప్పు నాది. నా పేరు, నంబర్, సంతకం. కింద ఆ లాగ్ లైను ప్రింటు జత చేశాను. కంపెనీ పేరు రాయలేదు. అందుకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది.

ఐదుకి పది నిమిషాలుండగా పావని లాగిన్ తెరుచుకుంది. వైజాగ్ మొదట ఉంది. దాని మీద వేలు పెట్టి కిందికి దించింది. రత్నకుమారి గారు తెరకి బాగా దగ్గరగా ముఖం పెట్టి చూశారు. కనిపించిందో లేదో తెలియదు. "ఏది పైన ఉంది?" అని అడిగారు.

"ఇప్పుడు భీమవరమమ్మా" అంది పావని.

ఆవిడ పాప వీపు నిమురుతూ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. పావనే ఫ్రీజ్ నొక్కింది.

ఆ తర్వాత

ఆఫీసుకి వచ్చి మిగతా రెండు రోజుల లాగ్ కోసం చూశాను. లేదు. సర్వర్‌లో చోటు చాలదని, ఒక రోజు దాటిన లాగ్ దానంతటదే చెరిగిపోయేలా నేనే పెట్టాను. మొదటి రోజు, రెండో రోజు ఇంకెంతమంది మెట్ల మీద కూర్చుని మార్చుకున్నారో చెప్పే ఆధారం లేదు.

వర్మ గారు ఎదురుగా కూర్చుని, "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు. తెలియదన్నాను. "అయితే లేవనుకుందాం" అన్నారు. ఆ మాట ఆయన నెమ్మదిగా, దయగా అన్నారు. నేను కాగితం రాసిచ్చానని తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ "అనుకుందాం" విన్నాక ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. వర్జ్యం ఫంక్షన్ మళ్లీ పెట్టాను. ప్రోగ్రామ్ తనంతట తాను ఫ్రీజ్ నొక్కే వీలు లేకుండా చేశాను. రెండు నెలల్లో మానేశాను.

మానేసేలోపు సెంటర్లన్నిటికీ ఫోన్లు చేశాను. ఆ రెండు రోజుల్లో వచ్చిన పిల్లల నంబర్లు ఆపరేటర్ల దగ్గర తీసుకున్నాను. రద్దు గడువు దాటిపోయింది, ఇప్పుడు తెలిసి లాభమేంటని మా ఆయన అడిగారు. అయినా చేస్తూ పోయాను. చాలామంది మాట్లాడారు, తాము పెట్టుకున్నదే వచ్చిందన్నారు. నలుగురు ఎత్తలేదు.

సీట్లు ఇచ్చిన రోజు పావని మెసేజ్ పెట్టింది. "భీమవరం వచ్చిందండి. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది. మీరు రాకపోయి ఉంటే వైజాగ్ ఎందుకొచ్చిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేనే సరిగ్గా సేవ్ చెయ్యలేదనుకునేదాన్ని."

చివరి వాక్యం మా ఆయనకి చదివి వినిపించాను. మా ఆయన అడిగినదానికి జవాబు అందులో ఉంది.

ఆ నాలుగు నంబర్లకీ అప్పుడప్పుడూ చేస్తూనే ఉన్నాను. రెండు పనిచెయ్యవు. ఒకరు ఎత్తి, మాకేం తేడా రాలేదని పెట్టేశారు. పోయిన వారం నాలుగోది ఎత్తారు. ఒకావిడ. ఆచంట దగ్గర ఊరు. నేనెవరో చెప్పి, పోయినేడు మీ అమ్మాయి ఆప్షన్ల గురించండి అన్నాను.

"ఇంకా దాని గురించి ఏముందండి?" అన్నారావిడ. "ఇంటి దగ్గర కాలేజీ పెట్టుకోవే అంటే పెట్టుకున్నాననే చెప్పింది. ఎక్కడో దూరంగా వచ్చింది. తొందరపాటు మనిషి, తప్పు నొక్కేసింది. వాళ్ల నాన్న అప్పట్నుంచి దానితో మాట్లాడటం లేదు."

ఒక సంగతి అడిగాను. ఆ రోజు సెంటర్లో వర్జ్యం కోసం ఆగారా, ఆగినప్పుడు మీ అమ్మాయి ఫోన్లో ఏమైనా మార్చుకుందా?

"మార్చుకుందండి. బయట బల్ల మీద నా పక్కనే కూర్చుని మార్చింది. అప్పుడు నేనే చూశాను, సరిగ్గానే ఉంది. తర్వాత ఏం నొక్కిందో ఏంటో."

"తర్వాత మీ అమ్మాయి ఏమీ నొక్కలేదండి. వాళ్ల నాన్నగారు ఇంట్లో ఉన్నారా? ఉంటే ఒక్కసారి ఫోన్ ఆయనకివ్వండి" అన్నాను.